రెయిల్ కొనే ముందు గాలి సంగతి చూడండి: గోదావరి డెల్టాలో ఫోకస్ స్టాకింగ్

మీ ప్రశ్నలో మూడు వేర్వేరు ఇబ్బందులు కలిసిపోయి ఉన్నాయి. రాజోలు దగ్గర చేలగట్ల మీద, చిన్న వస్తువులను దగ్గరగా తీసే 100 ఎంఎం మాక్రో లెన్సుతో తూనీగలు, మిడతలు, పూలు తీస్తున్నారు. కన్ను పదునుగా వస్తే రెక్కలు మసకబారుతున్నాయి. ఎపర్చర్‌ను, అంటే లెన్సులో కాంతి వచ్చే రంధ్రాన్ని, బాగా చిన్నదైన ఎఫ్/22కి మూస్తే బొమ్మ మొత్తం మెత్తబడింది. ఇరవై ఫ్రేములు తీసి ఫోకస్ స్టాకింగ్ చేస్తే, అంటే ఒక్కో ఫ్రేముకు ఫోకస్ కొంచెం జరుపుతూ తీసి అన్నింటినీ ఒకే బొమ్మగా కలిపితే, మిడత మీసాలు రెండేసిగా కనిపించాయి, పూల రేకుల అంచుల చుట్టూ పొగలాంటి వలయం వచ్చింది. మంచి రెయిల్, అంటే కెమెరాను కొద్దికొద్దిగా ముందుకు జరిపే పట్టా, కొంటే ఇవన్నీ పోతాయా అని అడిగారు. పోవు. ఈ మూడింటిలో ఒక్కటి కూడా రెయిల్ లేకపోవడం వల్ల వచ్చింది కాదు. మీ కెమెరాలో ఉన్నది 24 మెగాపిక్సెళ్ల ఏపీఎస్-సీ సైజు సెన్సారు (బొమ్మను పట్టే పలక) అన్నారు కాబట్టి లెక్కలన్నీ దానికే చెబుతాను.

ముందు ఎఫ్/22 విషయం. లెన్సు మీది ఎఫ్ అంకె దూరపు వస్తువులకు వేసిన లెక్క. వస్తువును సెన్సారు మీద దాని అసలు సైజులోనే, అంటే 1:1లో పట్టేసరికి ఆ అంకె దాదాపు రెట్టింపవుతుంది. మీరు పెట్టిన ఎఫ్/22 అక్కడ ఎఫ్/44లా పనిచేస్తుంది. నికాన్ మాక్రో లెన్సుల్లో ఈ పెరుగుదల తెర మీదే కనిపిస్తుంది, కానన్‌లో కనిపించదు. అంత చిన్న రంధ్రం గుండా వచ్చే కాంతి అంచుల దగ్గర చెదిరిపోతుంది. చుక్కగా పడాల్సిన వెలుగు దాదాపు 60 మైక్రాన్ల వెడల్పున పరుచుకుంటుంది. మీ సెన్సారులో ఒక్కో పిక్సెల్ వెడల్పు 4 మైక్రాన్లకు అటూ ఇటూ. అంటే ఒక్క బిందువు పదిహేను పిక్సెళ్ల మేర అలుక్కుపోతోంది. దీన్నే డిఫ్రాక్షన్ అంటారు. లెన్సు ఖరీదు పెంచినంత మాత్రాన ఇది తగ్గదు.

కాబట్టి ఎఫ్/5.6కీ ఎఫ్/8కీ మధ్య ఉండండి. అక్కడ ప్రతి ఫ్రేమూ పదునుగా వస్తుంది, కాకపోతే ఆ పదును చాలా పల్చటి పొర. ఎఫ్/8 దగ్గర 1:1లో ఆ పొర మందం 0.64 మిల్లీమీటరు. సగం సైజులో, అంటే 1:2లో తీస్తే 1.9 మిల్లీమీటర్లు. ఈ పొరలను వరుసగా తీసి, ఒక్కో ఫ్రేములో పదునైన భాగాన్ని మాత్రమే ఏరి కలపడమే స్టాకింగ్. కలిపే పని కంప్యూటర్ చేస్తుంది. ఆ ఫ్రేములన్నీ తీసేంతసేపు వస్తువు కదలకుండా ఉండే చోటునూ వేళనూ వెతుక్కోవడం మాత్రం మీ పని, నా ఉద్దేశంలో స్టాకింగ్‌లో ముప్పాతిక వంతు అదే.

మీసాలు రెండేసిగా రావడానికి కారణం కదలికే. మూడో ఫ్రేములో ఒక చోట ఉన్న మీసం ఎనిమిదో ఫ్రేముకు అర మిల్లీమీటరు పక్కకు జరిగితే సాఫ్ట్‌వేర్ రెండింటినీ నిజమే అనుకుని రెండూ ఉంచుతుంది. ఫ్లాష్ వాడితే సరిపోతుందని చాలామంది అనుకుంటారు. ఫ్లాష్ ఒక్కో ఫ్రేములోని కదలికను ఆపగలదు గానీ, ఒక ఫ్రేముకూ మరో ఫ్రేముకూ మధ్య జరిగే కదలికను ఆపలేదు. గాలికి ఊగే గడ్డిపోచ మీద ఫ్లాష్‌తో ఇరవై ఫ్రేములు తీస్తే, ఇరవై వేర్వేరు చోట్ల పదునుగా నిలిచిన గడ్డిపోచ వస్తుంది. దాన్ని ఏ సాఫ్ట్‌వేరూ అతకలేదు.

డెల్టాలో గాలికి ఒక క్రమం ఉంది. రాత్రి చల్లబడిన నేల మీద తెల్లవారుజామున గాలి దాదాపు పడిపోయి ఉంటుంది. పొద్దెక్కి నేల వేడెక్కేకొద్దీ సముద్రం మీద నుంచి గాలి లోపలికి రావడం మొదలవుతుంది. అంతర్వేది, ఓడలరేవు వంటి తీరపు ఊళ్లను అది ముందుగా తాకుతుంది, రావులపాలెం వైపు ఆలస్యంగా చేరుతుంది. కార్తీకం నుంచి మాఘం దాకా మంచు కురిసే ఉదయాల్లో మీకు దొరికే గంట, గంటన్నర నిశ్చలత సంవత్సరంలో మరెప్పుడూ దొరకదు. కొబ్బరి తోటల లోపలి చేలు, కాలువ గట్టు కింద పల్లంలో ఉన్న మళ్లు ఇంకొంచెం ఎక్కువసేపు గాలి లేకుండా ఉంటాయి. చోటు ఎంచుకునేటప్పుడు పువ్వు అందం కంటే ముందు దాని వెనుక ఏ గట్టు, ఏ అరటి తోట అడ్డుగా ఉందో చూడండి.

రెండో కదలిక మీ కాళ్ల కిందే ఉంటుంది. తడి ఒండ్రు నేలలో ట్రైపాడ్ కాళ్లు కంటికి తెలియనంత నెమ్మదిగా దిగిపోతూ ఉంటాయి. అందుకని ఒక్కో కాలి కింద ఒక ఎండు కొబ్బరి మట్ట మొదలు, వెడల్పుగా ఉండే భాగాన్ని, నరికి పెట్టండి. ట్రైపాడ్ పెట్టిన తర్వాత మీరు అటూ ఇటూ అడుగు వేయకండి, మెత్తటి గట్టు మీద మీ బరువు మారితే ఫ్రేము మారుతుంది. పువ్వు కాడను ఊగకుండా పట్టడానికి ఒక వెదురు పుల్లను నేలలో గుచ్చి, దానికి బట్టల క్లిప్పు కట్టి, పువ్వుకు జానెడు కింద కాడను మెల్లగా బిగించండి. ఈ పదిరూపాయల ఏర్పాటు రెయిల్ కంటే ఎక్కువ బొమ్మలు నిలబెడుతుంది. మోకాళ్లు ఆనించే ముందు గట్టు మీద గడ్డిని ఒకసారి కర్రతో తట్టి చూడడం మరచిపోవద్దు, చలికాలపు పొద్దున పాములు కూడా అక్కడే ఉంటాయి.

ఇక ఎన్ని ఫ్రేములు అన్న ప్రశ్న. మీరు ఇరవై అని ముందే నిర్ణయించుకున్నారు. అలా కాదు, లోతును కొలిచి చెప్పుకోవాలి. మన కాలువల దగ్గర ఎప్పుడూ కనిపించే నారింజ రంగు రెక్కల తూనీగనే తీసుకుందాం. తెల్లవారుజామున అది గడ్డిపోచను కరుచుకుని, ఒళ్లంతా మంచుబిందువులతో, రెక్కలు వేడెక్కేదాకా ఎగరలేక అలాగే ఉంటుంది. ముఖం నుంచి తోక చివరి దాకా పొడవు దాదాపు 30 మిల్లీమీటర్లు. ఎదురుగా కూర్చుని 1:2లో, ఎఫ్/8తో తీస్తే పొర మందం 1.9 మిల్లీమీటర్లు, పొరలు ఒకదాని మీద ఒకటి కొంత కప్పుకోవాలి గనుక అడుగు, అంటే ఒక ఫ్రేము నుంచి మరో ఫ్రేముకు ఫోకస్ జరిపే దూరం, 1.2 మిల్లీమీటర్లు. మొత్తం తోక దాకా కావాలంటే పాతిక ఫ్రేములు. కానీ తోక దాకా ఎందుకు? కళ్లు, ముఖం, కాళ్లు, రెక్కలు పుట్టే చోటు, ఇంతవరకు పదును ఉంటే చాలు. అది 10 మిల్లీమీటర్లు, తొమ్మిది ఫ్రేములు. తోక మెత్తగా వెనక్కి కరిగిపోతే చూసేవారి చూపు ముఖం మీదే నిలుస్తుంది. తొమ్మిది ఫ్రేములు పడేంతసేపు తూనీగ కదలకుండా ఉండడం సాధ్యమే, పాతిక ఫ్రేములకు అది అదృష్టమే. పదును ఎక్కడ మొదలవ్వాలో, ఎక్కడ ఆగాలో నిర్ణయించుకోకుండా షట్టర్ నొక్కకండి. మొదటి అంచు నుంచి చివరి అంచు దాకా అంతా గాజులా మెరిసే స్టాక్‌లు చాలా చూస్తున్నాం. వాటిలో పురుగు కనిపిస్తుంది గానీ అది కూర్చున్న ఉదయం కనిపించదు.

ఆ ముఖంలో ఏముందో కూడా తెలిసి ఉండాలి, లేకపోతే సరైన పొరను వదిలేస్తారు. తూనీగ కన్ను వేల చిన్న పలకల కూర్పు. చాలా రకాల్లో కంటి పైభాగంలోని పలకలు పెద్దవిగా, కిందివి చిన్నవిగా ఉంటాయి. మంచి స్టాక్‌లో ఆ రెండూ కలిసే గీత స్పష్టంగా కనిపిస్తుంది. కన్ను గోళంలా ముందుకు ఉబ్బి ఉంటుంది కాబట్టి మొదటి ఫ్రేము ఆ ఉబ్బుకంటే కాస్త ముందు, ఖాళీ గాలిలో ఫోకస్ పెట్టి మొదలుపెట్టండి. చివర కూడా అనుకున్న చోటు దాటి ఒక ఫ్రేము ఎక్కువ తీయండి. స్టాక్ పాడయ్యేది తరచుగా ఈ మొదటి పొర తప్పిపోవడం వల్లే. తూనీగ ముందరి కాళ్లతో ముఖం తుడుచుకోవడం మొదలుపెట్టిందంటే ఒళ్లు వేడెక్కుతోందని అర్థం. ఆ తర్వాత స్టాక్ మానేసి ఒక్కో ఫ్రేము తీసుకోండి.

రెయిల్ ఎప్పుడు కావాలి? 1:1 కంటే పెద్దగా, చీమ తలను ఫ్రేము నిండా తీయాలనుకున్నప్పుడు. అక్కడ అడుగు మిల్లీమీటరులో పదో వంతుకో ఇంకా తక్కువకో పడిపోతుంది, ఫోకస్ రింగు తిప్పి అంత చిన్న అడుగు వేయలేం. 1:1, అంతకంటే తక్కువలో రింగు తిప్పడమే సులువు, సాఫ్ట్‌వేర్‌కు కలపడమూ సులువు. మీ కెమెరాలో ఫోకస్ బ్రాకెటింగ్, అంటే ఫోకస్‌ను తనంతట తానే జరుపుతూ వరుసగా తీసే సదుపాయం, లేకపోయినా చేత్తో రింగును ఒకే దిశలో, దగ్గర నుంచి దూరానికి, కొద్దికొద్దిగా తిప్పుతూ తీయవచ్చు. మధ్యలో వెనక్కి తిప్పకండి. ఆ సదుపాయం ఉన్న కెమెరా తీసుకునే రోజు వస్తే ఒక్కటి గుర్తుంచుకోండి: అందులో అడుగు 1 నుంచి 10 అని చూపే అంకెలు మిల్లీమీటర్లు కావు, అవి ఆ తయారీదారు వేసుకున్న మెట్లు. ఏ మెట్టు మీ లెన్సుకు సరిపోతుందో మీరే పరీక్షించుకోవాలి.

మిగతా సెట్టింగుల గురించి పెద్దగా చెప్పాల్సిందేమీ లేదు. ఎక్స్‌పోజర్, వైట్ బ్యాలెన్స్, ఐఎస్ఓ మూడూ చేత్తో పెట్టి వదిలేయండి. ట్రైపాడ్ మీద ఉన్నప్పుడు చేతి వణుకును సరిచేసే స్టెబిలైజర్ ఆపేయండి. ఫ్రేము చుట్టూ కొంత చోటు వదిలి కూర్చండి, ఎందుకంటే ఫోకస్ మారేకొద్దీ బొమ్మ సైజు కొద్దిగా మారుతుంది, సాఫ్ట్‌వేర్ వాటిని సరిచేసేటప్పుడు అంచులు పోతాయి.

పొగలాంటి వలయం మాత్రం వేరే జాతి సమస్య. దీన్ని అర్థం చేసుకోవడానికి వరి పువ్వు కంటే మంచి పాఠం లేదు. సార్వా వరి ఈనే రోజుల్లో, దాదాపు తొమ్మిది గంటల నుంచి మధ్యాహ్నం లోపు, వెన్ను మీది ఒక్కో గింజ పొట్టు రెండుగా విచ్చుకుంటుంది. లోపల నుంచి సన్నని కాడలకు వేలాడుతూ ఆరు పుప్పొడి తిత్తులు బయటికి వస్తాయి, పొట్టు నోటి దగ్గర పుప్పొడిని అందుకునే ఈకల్లాంటి రెండు కీలాగ్రాలు తెల్లగా కనిపిస్తాయి. దాదాపు గంటలో పొట్టు మూసుకుపోతుంది, తిత్తులు బయటే వేలాడుతూ మిగులుతాయి. అన్నం తినే మనలో ఎంతమంది ఈ పువ్వును చూసి ఉంటారు? మన డెల్టాలో మాక్రో తీసేవారు మొదట తీయవలసినది ఇదేనని నా గట్టి నమ్మకం.

ఇప్పుడు ఆ పువ్వును ఎదురుగా తీశారనుకోండి. తిత్తి ముందుంది, దాని వెనుక 5 మిల్లీమీటర్ల దూరంలో పొట్టు ఉంది. తిత్తి మీద ఫోకస్ పెట్టిన ఫ్రేములో పొట్టు మసక. పొట్టు మీద పెట్టిన ఫ్రేములో తిత్తి మసకబారి, ఉబ్బి, తన చుట్టూ ఉన్న పొట్టును కొంత మేర కప్పేస్తుంది. అంటే తిత్తి అంచుకు ఆనుకుని ఉన్న పొట్టు భాగం ఏ ఒక్క ఫ్రేములోనూ శుభ్రంగా లేదు. లేనిదాన్ని సాఫ్ట్‌వేర్ ఎక్కడి నుంచి తెస్తుంది? ఆ ఖాళీయే మీకు వలయంగా కనిపిస్తోంది. మీ పూల రేకుల దగ్గర జరిగిందీ ఇదే.

దీనికి మందు ముందుగా కోణంలో ఉంది. పువ్వును పక్క నుంచి, తిత్తులూ పొట్టూ సెన్సారుకు దాదాపు సమాంతరంగా ఉండేలా తీస్తే ఒకదాని వెనుక ఒకటి పడడం తగ్గుతుంది. పైగా లోతు 3 మిల్లీమీటర్లకు పడిపోతుంది. 1:1లో అడుగు 0.4 మిల్లీమీటరు అనుకుంటే ఎనిమిది ఫ్రేములు చాలు. వరి పువ్వుకు ఫ్రేములు తగ్గించడం మరో కారణంగా కూడా అవసరం: పువ్వు విచ్చుకునే నిమిషాల్లో ఆ కాడలు పెరుగుతూనే ఉంటాయి. గాలి లేకపోయినా తిత్తి కిందికి జారుతుంది. కాబట్టి అప్పుడే విచ్చుకుంటున్నదాన్ని వదిలి, కాడలు పూర్తిగా సాగి వేలాడుతున్న పువ్వును ఎంచుకుని, కొద్ది సెకన్లలో ముగించండి. ఆ వేళకు గాలి కూడా లేస్తూ ఉంటుంది గనుక వెన్ను కింద క్లిప్పు, గాలి వచ్చే వైపు ఒక గొడుగు తప్పనిసరి. ఇదంతా గట్టు మీద నుంచే చేయాలి. ఈనిన చేలోకి దిగితే రైతుకు నష్టం, చేను గలవారిని అడగకుండా గట్టు కూడా ఎక్కకండి.

కోణం మార్చినా మిగిలిపోయే వలయాలను సాఫ్ట్‌వేర్‌లో చేత్తో సరిచేయాలి. స్టాకింగ్ సాఫ్ట్‌వేర్లైన హెలికాన్ ఫోకస్, జెరీన్ స్టాకర్ రెండింటిలోనూ ఒక ఫలితం మీదికి అసలు ఫ్రేముల్లో దేని నుంచైనా కావలసిన భాగాన్ని కుంచెతో తెచ్చి అద్దుకునే వీలుంది. కలిపే పద్ధతులు కూడా రెండు రకాలు. పిరమిడ్ పద్ధతి, అంటే హెలికాన్‌లో సీ, జెరీన్‌లో పీమ్యాక్స్, వెంట్రుకలు, మీసాలు, ఒకదానిపై ఒకటి అడ్డుపడే కాడల దగ్గర బాగా పనిచేస్తుంది, కానీ గరుకుదనాన్ని, కాంట్రాస్ట్‌ను పెంచుతుంది. డెప్త్ మ్యాప్ పద్ధతి, అంటే హెలికాన్‌లో బీ, జెరీన్‌లో డీమ్యాప్, రేకు, ఆకు వంటి నున్నని తలాల రంగును సహజంగా ఉంచుతుంది, కానీ అడ్డుపడే చోట్ల తడబడుతుంది. రెండింటితోనూ కలిపి, రెండో దాన్ని అడుగున ఉంచి, మీసాల వంటి చోట్ల మాత్రం మొదటి దాన్ని అద్దండి. డబ్బు పెట్టలేకపోతే హ్యూగిన్ అనే సాఫ్ట్‌వేర్‌తో వచ్చే సాధనాలు, ఫ్రేములను కలిపే ఎన్‌ఫ్యూజ్ ఉచితం. ఫొటోషాప్ కొద్ది ఫ్రేముల స్టాక్‌లకు సరిపోతుంది. రా ఫైళ్లను, అంటే కెమెరా ఏ మార్పూ చేయకుండా ఇచ్చే ఫైళ్లను, అన్నింటికీ ఒకే మార్పులతో 16 బిట్ టిఫ్‌లుగా మార్చుకుని ఇవ్వండి. కలిపాక ఎక్కడైనా ఒక మసక పట్టీ అడ్డంగా కనిపిస్తే అది వలయం కాదు, అడుగు పెద్దదై ఒక పొర తప్పిపోయిన గుర్తు. సన్నని నల్లని చుక్కల గీత కనిపిస్తే సెన్సారు మీద దుమ్ము ఉంది.

తెల్లవారుజాము సూత్రం చెల్లని వస్తువు ఒకటుంది. 1978లో అభయారణ్యంగా ప్రకటించిన కోరింగకు వెళ్తే మడచెట్ల ఆకులను దగ్గరగా చూడండి. మడ తన వేళ్లతో పీల్చిన ఉప్పులో కొంత ఆకుల మీది గ్రంథుల గుండా బయటికి తోసేస్తుంది. అది ఎండి స్ఫటికాలుగా నిలుస్తుంది. మంచు పడిన ఉదయం వెళ్తే అవి కరిగిపోయి ఉత్త తడి ఆకే కనిపిస్తుంది. వానలు లేని రోజుల్లో, ఆకులు బాగా ఆరిన మధ్యాహ్నం వెళ్లాలి. అప్పుడు గాలి ఉంటుంది నిజమే, కానీ మడ ఆకు మందం, బిరుసు, గుబురు లోపలి ఆకులు పెద్దగా ఊగవు. వెలుతురు పక్క నుంచి వాలుగా పడాలి, ఎదురుగా పడితే స్ఫటికాల అంచులు కనిపించవు. అక్కడి చెక్క నడకదారి మీద ట్రైపాడ్ పెట్టినప్పుడు ఎవరైనా నడిస్తే మొత్తం అదురుతుంది, జనం దాటేదాకా ఆగి తీయండి. ఆకు తెంపడం, కొమ్మ వంచడం వద్దు. ముఖ్యంగా తిల్ల చెట్టు కొమ్మను తాకకండి. దాని పాలు కంట్లో పడితే తాత్కాలికంగా చూపు పోయే ప్రమాదం ఉంది, మీరు కన్ను పెట్టేది వ్యూఫైండర్‌కే కదా. బురదలో తిరిగే చిన్న పీతలను, బురద మీద గెంతే చేపలను స్టాక్ చేయాలని ప్రయత్నించకండి. వాటికి ఒక్క ఫ్రేము, మంచి ఫ్లాష్, ఓపిక చాలు.

పురుగును కదలకుండా చేయడానికి ఫ్రిజ్‌లో పెట్టడం, జిగురుతో అతికించడం వంటి సలహాలు మీకు ఎక్కడో ఒకచోట ఎదురవుతాయి. వాటిని పాటించవద్దు. చల్లబడి పడి ఉన్న పురుగు కూర్చునే తీరే వేరు, తెలిసినవారు చూడగానే పట్టేస్తారు, పైగా ఒక ప్రాణిని బొమ్మ కోసం హింసించడం నాకు సమ్మతం కాదు. పోటీలకు పంపేటప్పుడు అది స్టాక్ అని రాయండి, మూల ఫ్రేములు దాచుకోండి.

మన తేమ గురించి కూడా ఒక మాట. ఏసీ గదిలో ఉన్న లెన్సును నేరుగా మంచులోకి తీసుకెళ్తే ముందు గాజు మీద ఆవిరి పడుతుంది, స్టాక్ మధ్యలో అది ఆరుతూ ఉంటే ప్రతి ఫ్రేమూ ఒక్కో రకంగా వస్తుంది. రాత్రే సంచిని వరండాలోకి మార్చి పెట్టుకోండి. ఇంట్లో లెన్సును గాలి చొరబడని డబ్బాలో సిలికా జెల్‌తో ఉంచండి, లేకపోతే డెల్టా వానాకాలంలో బూజు పట్టడానికి ఎంతోకాలం పట్టదు.

మొదలుపెట్టడానికి చేల దాకా వెళ్లనక్కర్లేదు. మీ ఊరి కాలువలో గుర్రపుడెక్క ఉంటుంది, ఆ పువ్వును ఎన్ని కోసినా ఎవరికీ నష్టం లేదు. పై రేకు మీది పసుపు మచ్చ, దాని చుట్టూ నీలి రంగు, లోపలి కేసరాల మీది సన్నని నూగు, ఇవన్నీ స్టాకింగ్‌కు చక్కని పరీక్ష. ఉదయం విచ్చిన కంకిని కోసి నీళ్ల గ్లాసులో పెట్టి, ఫ్యాను ఆపి, కిటికీ వెలుగుకు పల్చటి తెల్లపంచె అడ్డం కట్టి తీయండి. కొద్ది గంటల్లో వాడడం మొదలవుతుంది కాబట్టి అన్నీ సిద్ధం చేసుకున్నాకే పువ్వు తెచ్చుకోండి. దానికంటే ముందు ఒక స్కేలును లెన్సుకు 45 డిగ్రీల వాలుగా నిలబెట్టి, ఎఫ్/8తో 1:1లో ఒక ఫ్రేము తీసి, ఎన్ని మిల్లీమీటర్ల గీతలు పదునుగా ఉన్నాయో లెక్కపెట్టండి. వాలు వల్ల స్కేలు మీద 1.4 మిల్లీమీటర్లంటే లోతులో 1 మిల్లీమీటరు. అలా వచ్చిన లోతులో మూడింట రెండు వంతులు మీ అడుగు. తర్వాత రింగును ఎంత తిప్పితే ఆ పదును అంత దూరం జరుగుతోందో చూసి, రింగు మీద సన్నని కాగితం పట్టీ అతికించి ఆ అడుగులను పెన్సిల్‌తో గుర్తు పెట్టుకోండి. 1:2కు కూడా ఇలాగే మరో పట్టీ చేసుకుంటే చేలో కూర్చున్నప్పుడు లెక్కలు వేసుకునే పని ఉండదు.